మంద కట్టిన తోట

మొన్న కందుకూరులో ఒక పాత గుడి ప్రహరీకి సున్నం వేస్తున్నారు. ఈ రోజుల్లో అందరూ డబ్బా రంగులే వేయిస్తున్నారు కదా, ఆ గుడివాళ్లు మాత్రం పట్టుబట్టి రాతి సున్నం తెప్పించారు. గోలెంలో రాళ్లు వేసి నీళ్లు పోయగానే బుసబుసా పొంగి ఆవిరి లేచింది. ముక్కు లోపల పొడిబారిపోయేంత ఘాటు. బండి పక్కన ఆపి అక్కడే నిలబడిపోయాను. సున్నం కలుపుతున్నాయన "ఏం కావాలమ్మా?" అని అడిగాడు. "ఏం లేదన్నా, ఊరికే చూస్తున్నా" అన్నాను.

ఆ వాసన నాకు గోడల్ని గుర్తు చేయదు. పొదలకూరు వైపు ఒక నిమ్మతోటని గుర్తు చేస్తుంది. బీఎస్సీ హార్టికల్చర్ చివరి ఏడాదిలో మమ్మల్ని పుస్తకాలు పక్కన పెట్టి, పల్లెల్లో రైతుల దగ్గర ఉండి రమ్మని పంపేవాళ్లు. రావెప్ అనేవాళ్లం. ఒక్కో విద్యార్థికి ఒక్కో రైతు. నాకు దొరికిన రైతుని మొదటి రోజు "సార్" అని పిలిస్తే ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, "సారేంది పాపా, మావా అను చాలు" అన్నాడు. అప్పటి నుంచి మావే.

ఆయన తోటలో కొన్ని చెట్లకి మొదట్లో బంక కారుతోంది. బెరడు చీలి, తేనె రంగులో జిగురు బయటికొచ్చి గడ్డకట్టేది. దానికి బోర్డో పేస్టు పూయాలి. ఒక ప్లాస్టిక్ బకెట్లో కిలో మైలతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, ఇంకో దాంట్లో కిలో సున్నం, ఒక్కోదానికి ఐదేసి లీటర్ల నీళ్లు. ఇనప బకెట్ వాడకూడదు. మైలతుత్తాన్ని ముందు రోజు రాత్రే గుడ్డలో మూటగట్టి నీళ్లలో వేలాడదీసేవాడు మావ, తెల్లారేసరికి అంతా కరిగిపోయి ఉండేది. సున్నం మాత్రం అప్పటికప్పుడు తడిపేవాడు. ఆ బుసబుస, ఆ ఆవిరి. రెండూ కలిసి మూడో బకెట్లో పడేసరికి చక్కటి ఆకాశం రంగు వచ్చేది.

ఆ తర్వాత చేసే పని నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. మావ మొలలోంచి నిమ్మకొమ్మలు కోసే చాకు తీసి, పంచె అంచుతో బాగా తుడిచి, మందులో ముంచి కాసేపు ఉంచేవాడు. పైకి తీసి ఎండలో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. చాకు మీద ఎర్రటి రాగి పూత కనబడితే ఇంకా మైలతుత్తం ఎక్కువుందన్నమాట. అట్టాగే వాడితే చెట్టు మాడుతుంది. ఇంకొంచెం సున్నప్పాలు పోయాలి. మాకు పాథాలజీ ల్యాబులో ఇదే పరీక్ష చెప్పారు, రికార్డులో రాశాను, మార్కులు కూడా వేయించుకున్నాను. మావకి ఎవరు చెప్పారో ఆయనకే గుర్తులేదు. "మా నాయన చేసేవోడు, నేనూ చేస్తుండా" అన్నాడు.

ఈ మందు పుట్టిన కథ ఆ సాయంత్రం ఆయనకి చెప్పాను. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో రోడ్డు పక్క ద్రాక్షతోటల్లో దారినపోయేవాళ్లు పళ్లు కోసుకుపోతుంటే, చూస్తేనే తినబుద్ధి కాకుండా రైతులు మైలతుత్తం, సున్నం కలిపి తీగల మీద చల్లేవాళ్లట. 1882లో మిల్లార్డే అనే శాస్త్రవేత్త అటు పోతూ, ఊరంతా తెగులుతో ఆకు రాలిపోయినా ఈ రోడ్డు పక్క తీగలు పచ్చగా ఉండటం గమనించాడు. మూడేళ్లకి దాన్ని లోకానికి చెప్పాడు. మావ కథంతా శ్రద్ధగా విని, "అయితే కనిపెట్టింది రైతే గదా" అన్నాడు. అవును మావా, రైతే.

*

అసలు నేను ఈ చదువులోకి రావడానికి కారణం మా తాత తోట.

మాది ఉలవపాడు దగ్గర పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022లో జిల్లాలు మార్చినప్పుడు నెల్లూరులో కలిపారు. మా వైపు బంగినపల్లి మామిడికి పేరు. వేసవిలో హైవే పొడుగునా తాటాకు పాకలు వేసి కాయలు గుట్టలుగా పోసి అమ్మేవాళ్లు. మద్రాసు లారీలు, విజయవాడ బస్సులు అక్కడ ఆగకుండా పోయేవి కావు. ఎర్ర ఇసక నేల, సముద్రపు గాలి. ఈ రెండిటి వల్లే మా కాయకి ఆ తీపి అని ఊళ్లో అందరూ గట్టిగా నమ్మేవాళ్లు. నేనిప్పటికీ నమ్ముతాను.

తాత తోటలో చెట్లు బాగా ఎడంగా ఉండేవి. మా పెదనాయన ఒకసారి మధ్యలో ఇంకో సాలు వేద్దామంటే తాత ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్లకి కొమ్మా కొమ్మా తగిలితే అప్పుడు నువ్వు వచ్చి నరుకుతావా?" అన్నాడు. ఆ ఖాళీల్లో తొలకరికి ఉలవలో బొబ్బర్లో చల్లేవాడు. కాయ వస్తే వచ్చినట్టు, లేకపోతే దున్నేసేవాడు. నేల ఎండకి బోసిగా ఉండకూడదు, అంతే ఆయన లెక్క. ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం వాళ్లు వానలకి ముందే నవధాన్యాలు చల్లండి, ఏడాది పొడుగునా నేల మీద పచ్చదనం ఉంచండి అని ఊరూరా చెబుతుంటే నాకు తాతే గుర్తొస్తాడు.

వేసవిలో చెరువు ఎండగానే బండ్లు కట్టేవాళ్లు. చెరువు మట్టి తోలడం ఊరందరికీ పండగ. నల్లటి పెళ్లలు బండి నిండా పోసుకుని వస్తుంటే ఇరుసు మోత మైలు దూరం వినబడేది. ఇసక నేలకి ఆ బంకమట్టి కలిస్తే నీళ్లు నిలుస్తాయి. ట్రాక్టర్లు వచ్చాక కొన్నాళ్లు నడిచింది, తర్వాత ఆగిపోయింది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది మంద కట్టడం, అంటే ఎరువు కోసం గొర్రెల మందని రాత్రిళ్లు తోటలో పడుకోబెట్టడం. కోతలన్నీ అయిపోయి పొలాలు ఖాళీ పడ్డాక ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి గొర్రెల కాపర్లు మందల్ని తోలుకుని కిందికి దిగేవాళ్లు. అన్నీ మన నెల్లూరు జాతే. తెల్లటివి పల్ల, కళ్ల చుట్టూ నల్లమచ్చ ఉన్నవి జోడిపి, ఎర్రటివి దొర. తాత ముందే పెద్ద కాపరితో మాట్లాడుకునేవాడు. సందేళకి మంద తోటలోకి వచ్చేది. ధూళి, గంటల చప్పుడు, తల్లుల కోసం పిల్లల అరుపులు. కాపర్లు "ఉర్ర్ ఉర్ర్" అంటూ నాలుగు పక్కలా సర్ది పడుకోబెట్టేవాళ్లు. వాళ్లు నాలుగు మూలలా గొంగళ్లు పరుచుకునేవాళ్లు. కుక్కలు అసలు పడుకునేవే కావు. ఒక రాత్రి ఈ చెట్ల కింద, మర్నాడు పక్క సాలు కింద. అట్టా తోటంతా తిరిగేది మంద.

కాపరి భార్య రాళ్లు మూడు పెట్టి జొన్న సంగటి కెలికేది. మా జేజి ఇంటి నుంచి పచ్చి మామిడికాయ పప్పు పంపేది. నేనూ మా అన్నా ఆ గిన్నె పట్టుకుని పోయి, ఇవ్వగానే రాకుండా అక్కడే గొర్రెపిల్లల్ని ఎత్తుకుని కూర్చునేవాళ్లం. మంద వెళ్లిపోయే రోజు తాత కుంచంతో వడ్లు కొలిచి కాపరి గోతంలో పోసేవాడు. చివర్లో ఒక దోసెడు ఎక్కువ పోసేవాడు. తొలి వాన పడ్డప్పుడు ఆ నేల నుంచి ఒక వాసన లేచేది. ముక్కు మూసుకునే వాసనే, కానీ తాత ఆ రోజు చాలా హుషారుగా ఉండేవాడు.

*

ఎంసెట్‌లో నాకు మెడిసిన్ ర్యాంకు రాలేదు. బైపీసీ చదివిన వాళ్లింట్లో ఆ రోజుల్లో అదొక చావు కబురు. చుట్టాలు ఫోన్లు చేసి ఓదార్చారు. మా సైన్సు మాస్టారు మాత్రం ఇంటికొచ్చి, "రైతుల కోటా ఉందిగా, హార్టికల్చర్‌కి పెట్టించండి" అని నాయనకి చెప్పారు. పట్టాదారు పాస్ పుస్తకం జిరాక్సులు, చదువుకున్న బడి సర్టిఫికెట్లు పట్టుకుని కౌన్సెలింగ్‌కి పోయాం. సీటు వచ్చిందని చెబితే తాత ఆశ్చర్యంగా చూశాడు. "చెట్లకి కూడా చదువుండాదా? మంచిదే. నాలుగేళ్లా? అయితే ఒక అంటుమొక్క కాపుకొచ్చే లోపల నువ్వూ వస్తావు" అన్నాడు.

యూనివర్సిటీ పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలో. 2007లో పెట్టిన కొత్త విశ్వవిద్యాలయం, మేం పోయేసరికి ఇంకా సున్నం ఆరని గోడలే. చదువు మధ్యలో ఉండగానే డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయమని పేరు మారింది. సింగరాయకొండలో రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగేదాన్ని. బెజవాడ దాటాక కిటికీలోంచి కనబడే ఆ కాలవలు, ఆ పచ్చదనం చూసి మొదటిసారి ఏడుపొచ్చినంత పనైంది. కనిగిరి నుంచి వచ్చిన స్నేహితురాలొకతి ఉండేది. వాళ్ల ఊళ్లో బోరు వేస్తే వందల అడుగులు పోయినా దుమ్మే, నీళ్లు పడితే అందులో ఫ్లోరైడ్. హాస్టల్లో ఎవరైనా కుళాయి తిప్పి వదిలేస్తే తను చదువుతున్న పుస్తకం పక్కన పడేసి పరుగెత్తి కట్టేసేది.

మాలో ఒక్కొక్కరికి ఒక్కో మడి ఇచ్చేవాళ్లు. నాటడం, కలుపు తీయడం, నీళ్లు కట్టడం అన్నీ మనమే. పొద్దున్నే పార భుజాన వేసుకుని పోయేవాళ్లం. చదువంటే ఫ్యాను కింద కూర్చునేది అనుకుని వచ్చిన టౌను పిల్లలు మొదట్లో అల్లాడిపోయారు. తర్వాత వాళ్లే పందెం వేసుకుని బెండకాయలు తూకం వేయించేవాళ్లు. సాయిల్ సైన్సు మేడం గుంట తవ్వించి లోపలికి దించి పొరలు చూపించేవారు. పైన జానెడు మందం రంగు వేరు, కింద రంగు వేరు. "ఈ పై జానెడే మనందరికీ అన్నం పెడుతోంది, ఇది పోతే మళ్లీ తయారవడానికి మీ జన్మలు చాలవు" అని ఆవిడ గోడ మీద చెయ్యి పెట్టి చెప్పిన తీరు నేను మర్చిపోలేదు.

తోటల ఎరువుల గురించి పాఠం జరుగుతున్న రోజు నాకు ఒళ్లు జలదరించింది. మామూలు పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. గొర్రెలు, మేకల ఎరువులో 3 శాతం దాకా. పైగా దొడ్లో పెంట పోగేస్తే మూత్రం నేలలోకి ఇంకి వృథా అయిపోతుంది, మంద కడితే అది కూడా చెట్టు వేరుకే చేరుతుంది. బోర్డు మీద సార్ ఈ అంకెలు రాస్తుంటే నాకు గంటల చప్పుడు వినబడింది. సెలవులకి ఇంటికెళ్లగానే తాతకి ఇదంతా చెప్పాను. "పర్సెంట్ల సంగతి నాకు తెలవదు గానీ, మంద కట్టిన ఏడు ఆకు నల్లంగా ఉంటది. కట్టని ఏడు పచ్చంగా ఉంటది" అన్నాడు. నల్లంగా అంటే ముదురు ఆకుపచ్చగా అని, మా వైపు రైతు నోట అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

ఎంటమాలజీలో పురుగుల పెట్టె చేయాలి. వల పట్టుకుని తిరగడం, పట్టినవాటికి సూది గుచ్చి థర్మోకోల్ మీద రెక్కలు సరిచేసి ఆరబెట్టడం, మూలన కలరా ఉండ పెట్టడం. సగం పెట్టె మా తోటలోనే నింపాను. తేనెమంచు పురుగు ఎక్కువున్న చెట్టు కిందికి పోతే చినుకులు పడ్డట్టు చిటపటమని చప్పుడొస్తుంది. అవి కొమ్మల మీద ఎగిరి దూకే చప్పుడు. తాత పూతకాలంలో తెల్లారుజామున చెట్టు కింద నిలబడి చెవి పెట్టి వినేవాడు. చప్పుడు లేకపోతే మందు లేదు. మాకు క్లాసులో ఒక్కో పూగుత్తికి ఎన్ని పురుగులుంటే మందు కొట్టాలో లెక్క నేర్పారు. దాని ఆంతర్యమూ ఇదే, పురుగు కనబడగానే కాదు, నష్టం చేసేంత ఉంటేనే.

ఎర్రచీమల సంగతి కూడా ఇట్టాంటిదే. ఆకులు కలిపి గూళ్లు కట్టే చీమలు. కాయలు కోసేవాళ్లు వాటిని తిట్టుకుంటూ చెట్టెక్కేవాళ్లు, గూడు తగలబెడతామనేవాళ్లు. తాత పడనిచ్చేవాడు కాదు. చైనాలో క్రీస్తు శకం 304 నాటికే నారింజ తోటల్లో పురుగుల్ని తినడానికి ఈ చీమల గూళ్లు సంచుల్లో పెట్టి అమ్మేవాళ్లని సార్ చెప్పినప్పుడు నేను లేచి మా తాత సంగతి చెప్పాను. సార్ ఇంకో మాట కలిపారు: ఈ చీమలే పిండినల్లి పురుగుని, అది వదిలే తీపి జిగురు కోసం కాపాడతాయి, అందుకని పిండినల్లి ఉన్న చెట్టు మీద చీమల్ని పోనివ్వకూడదు. ఇది తాతకి తెలియని విషయం. చెబితే చాలాసేపు ఆలోచించి, "అదీ నిజమే, ఆ మూల చెట్టు అందుకే అట్టయింది" అన్నాడు. ఆ రోజు ఆయన నన్ను పెద్దమనిషిని చూసినట్టు చూశాడు.

2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ని నిషేధించింది. కేరళ కాసరగోడులో జీడిమామిడి తోటల మీద ఏళ్ల తరబడి విమానాలతో చల్లితే జనం ఏమైపోయారో మాకు ఫోటోలు చూపించారు. ఆ రాత్రి హాస్టల్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మా అందరి ఇళ్లల్లో ఆ డబ్బాలుండేవి. నేను ఇంటికి ఫోన్ చేసి నాయనకి చెప్పాను. తర్వాత సెలవుల్లో నాయనని కూర్చోబెట్టి డబ్బాల మీద త్రికోణం రంగులు నేర్పించాను. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ తక్కువ. ఆ తర్వాత నాయన షాపుకి పోతే మందు పేరు కాకుండా ముందు రంగు చూసేవాడు. ఊళ్లో ఇంకో నలుగురికి ఆయనే నేర్పాడు.

*

పొదలకూరు పక్క పల్లెలో గడిపిన ఆ నెలలు వేరే లోకం. మొదటి వారంలో ఊరి మ్యాప్ వేయాలి. కాగితం మీద కాదు, రామాలయం ముందు నేల మీద ముగ్గుపిండితో. జనాన్ని పిలిచి వాళ్ల చేతనే వేయించాలి. మగవాళ్లు కాసేపు దూరంగా నిలబడ్డారు. ఒక పెద్దావిడ మాత్రం ముందుకొచ్చి నా చేతిలో పిండి గిన్నె తీసుకుని, "నువ్వు వేస్తే వాగు చెరువులో కలవదు తల్లీ, ఇట్టా పోవాల" అని గీత గీసింది. ఇక ఒకరి తర్వాత ఒకరు. పసుపుతో ఇళ్లు, కుంకుమతో బోర్లు, ఆకులతో తోటలు. చూస్తుండగానే ఎండిపోయిన బోర్ల కుంకుమ చుక్కల్ని చెరిపేశారు. అప్పుడు అందరూ మాట్లాడటం ఆపేశారు. తోటల ఆకులున్న చోట చుట్టూ కుంకుమ చాలా తక్కువ మిగిలింది. ఇది చూశాక డ్రిప్పు గురించి నేను వేరే ఉపన్యాసం ఇవ్వాల్సిన పని పడలేదు.

కరెంటు రాత్రి పూట వచ్చేది. మావ టార్చిలైటు, కర్ర పట్టుకుని బయల్దేరితే అత్త గుమ్మంలో నిలబడి "పాములుంటాయి, చూసుకో" అని ప్రతిసారీ అనేది. కాలవలో వదిలిన నీళ్లు ఒక చెట్టు మొదటి నుంచి ఇంకో చెట్టు మొదటికి పారేవి. బంక తెగులు పుట్టించేది అట్టా నీళ్లతోనే పాకుతుంది. అందుకే చెట్టు మొదలుకి నీళ్లు తగలకుండా చిన్న గట్టు, దానికి దూరంగా ఇంకో గట్టు వేసి ఆ రెండిటి మధ్యే నీళ్లు పారించాలని మాకు నేర్పారు. మావకి బొమ్మ గీసి చూపించాను. కూలి ఎక్కువవుతుందని తటపటాయించి, చివరికి తూర్పు సాళ్లలో చేశాడు. ఆ గట్లు ఆయన, నేను, ఇంకో ఇద్దరు కూలోళ్లు కలిసి వేశాం.

నిమ్మాకు మీద పిట్ట రెట్టలా కనిపించే పురుగుని ఆయన చిన్న మనవడికి నేను చూపించిన రోజు వాడి కళ్లు చూడాలి. ముట్టుకోగానే తల దగ్గర నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తీస్తుంది, ఘాటైన వాసన వదులుతుంది. పెద్దదయ్యే కొద్దీ ఆకుపచ్చ రంగుకి మారుతుంది. వాడు దాన్ని ఒక డబ్బాలో పెట్టి రోజూ ఆకులు వేశాడు. నిమ్మ సీతాకోకచిలుకై బయటికొచ్చిన పొద్దున ఊరి పిల్లలంతా మా అరుగు మీదే.

మావ తోటలో అన్నిటికన్నా పెద్ద బాధ ధర. నిమ్మ ఏడాదిలో చాలాసార్లు పూస్తుంది గానీ డబ్బులొచ్చేది ఎండాకాలపు కాయకే. పూత నుంచి కోతకి ఐదారు నెలలు పడుతుంది కాబట్టి, మార్చి, ఏప్రిల్‌లో కాయ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరులో పూత తెప్పించాలి. అందుకు చెట్టుని ముందు కొన్నాళ్లు నీళ్లు లేకుండా వాడగట్టాలి. తీరా వాడగట్టే టైముకి మన జిల్లాలో వానలు మొదలవుతాయి. నెల్లూరుకి అసలు వాన అక్టోబరు నుంచే కదా. ఆ వానా గాలీ కలిసి గజ్జి తెగులుని తోటంతా చల్లుతాయి. అన్నీ దాటుకుని కాయ వస్తే ఒక్కోసారి మార్కెట్లో బస్తాకి కోత కూలి కూడా రాని రోజులు. అట్టాంటి రోజున మార్కెట్ నుంచి తిరిగొచ్చిన మావ చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. అత్త ఏం అడగలేదు, చేపల పులుసు పెట్టింది. మామిడికాయ ముక్కలేసిన నెల్లూరు పులుసు. ఆయన కలిపి పెట్టుకుని, నావైపు చూసి, "చదువుకున్నావు గదా, ఈ ధరకి మందేదన్నా ఉండాదా మీ పుస్తకంలో?" అన్నాడు. నిల్వ గదుల గురించి, పచ్చళ్ల ఫ్యాక్టరీల గురించి నాకు తెలిసింది చెప్పాను. నా గొంతు నాకే చాలా చిన్నగా వినబడింది.

మమ్మల్ని వెంకటగిరి దగ్గర పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానానికి తీసుకెళ్లినప్పుడు మావ కూడా వస్తానన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అక్కడి శాస్త్రవేత్త పెట్లూరు సెలక్షన్-1 చెట్లు చూపించారు, గజ్జిని తట్టుకునే బాలాజీ రకం గురించి చెప్పారు. బాలాజీ తిరుపతి స్థానం వాళ్ల రకం. మావ ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఆకు వెనక్కి తిప్పి చూశాడు. అడగాల్సినవన్నీ మా కన్నా ఆయనే అడిగాడు. తర్వాత ఏడాది పాత చెట్లు తీసేసిన చోట బాలాజీ పెట్టాడని నాకు ఉత్తరం రాయించాడు. ఆ మొక్కలు కాపుకొచ్చాకే పోయాడు. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు, తూర్పు సాళ్ల గట్లు ఏటా మళ్లీ వేస్తున్నాడట.

*

ఇప్పుడు లేని పని ఇంకోటి చెప్పాలి. పాతకాలం అంట్లు కట్టే పద్ధతి. మంచి చెట్టు కొమ్మల ఎత్తుకి చుట్టూ మంచె కట్టేవాళ్లు. దాని మీద టెంక మొక్కల కుండలు పెట్టేవాళ్లు. మొక్క కాండాన్ని, చెట్టు కొమ్మని పక్కపక్కన చెక్కి, చెక్కిన చోట్లు ఆనించి అరటినారతో చుట్టేవాళ్లు. రెండు మూడు నెలలు మంచెక్కి రోజూ ఆ కుండలకి నీళ్లు. అతికిందని తెలిశాక కొమ్మని ఒక్కసారే కాదు, కొంచెం కొంచెంగా కోసి వేరుచేసేవాళ్లు. మా తోటలో ఆ మంచె ఎక్కి నీళ్లు పోసే పని జేజిది. ఆమె పోసేటప్పుడు కుండలతో ఏదో మాట్లాడుతూ ఉండేది.

కాలేజీలో మాకు నేర్పింది టెంకంటు. మొలిచి పది పదిహేను రోజులైన మొక్క, ఇంకా రాగిరంగు ఆకులతో ఉన్నది, దాన్ని అడ్డంగా కోసి నడిమికి చీల్చి, ముందే ఆకులు తీసి సిద్ధం చేసిన పుల్లని చీలలా చెక్కి దింపి పాలిథిన్ పట్టీతో చుట్టడం. ఒకరోజులో ఒక మనిషి ఎన్నో కట్టొచ్చు, మంచెలు అక్కర్లేదు. పద్ధతిగా చూస్తే ఇదే మేలు, నేనూ రైతులకి ఇదే చెబుతాను. నేను కట్టిన వాటిల్లో మొదటిసారి చిగురు పెట్టిన మొక్కని రైల్లో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. తాతకి అప్పటికి చూపు తగ్గింది. అతుకు మీద బొటనవేలితో తడిమి చూసి, "నారు కట్టలేదే?" అన్నాడు. జేజి చేత నీళ్లు పోయించాడు. ఆ చెట్టు బావికి పడమటి పక్కన ఉంది, బాగా కాస్తోంది.

కాయలు ముగ్గబెట్టే గది కూడా పోయింది. వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి, మళ్లీ కాయలు. తలుపేస్తే ఇల్లంతా వాసన. మధ్యలో కార్బైడ్ పొట్లాలు వచ్చి దాన్ని చెడగొట్టాయి. ఆ రాళ్లకి తడి తగిలితే ఎసిటిలీన్ వచ్చి పైతొక్క పసుపు రంగుకి మారుతుంది, లోపల పుల్లటి కాయే, పైగా అందులో ఆర్సెనిక్ అవశేషాలుంటాయి. చట్టం నిషేధించినా దొంగచాటుగా నడిచింది. ఇప్పుడు ఇథిలీన్ గదులున్నాయి, అవి మంచివే. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా వైపు మాత్రం రామాయపట్నం పోర్టు పనులు మొదలయ్యాక తోటల మాట తక్కువ, స్థలాల మాట ఎక్కువ. హైవే పక్కన కొన్ని తోటలు కొట్టేసి రాళ్లు పాతారు. అటు పోయినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు ప్రకాశం మెట్టలోనే, చినలాటరపిలో ఉద్యాన కళాశాల ఉంది. మా పెదనాయన మనవరాలు అందులో చేరింది. అంత దూరం రైలెక్కి ఏడుస్తూ పోవాల్సిన పని లేదు. మొన్న ఫోన్ చేసి, "అత్తా, తాత తోటలో మంద కట్టేవాళ్లంటగా, ప్రాజెక్టు కింద కట్టించి మట్టి పరీక్ష చేయిస్తా, ముందూ వెనకా" అంది. కాపర్ల కోసం వెతికాం. పాతవాళ్ల పిల్లలు కొందరు బెంగళూరు పోయారు, కొందరు మేపడానికి బీళ్లు లేక మందలు అమ్మేశారు. ఉదయగిరి పక్క నుంచి ఒకాయన దొరికాడు. వడ్లు వద్దు, రాత్రికింత అని డబ్బు కావాలన్నాడు, మందకి తాగు నీళ్లు కూడా మేమే చూడాలన్నాడు. అన్న ఫోన్లో కాసేపు బేరమాడాడు. చివరికి ఒప్పుకున్నాడు. శివరాత్రి వెళ్లాక వస్తారు. తొట్టి కడగాలి, మోటారు బాగు చేయించాలి, పిల్ల మట్టి నమూనాలు ఆ లోపలే తీసుకోవాలి. మంద దిగాక తీస్తే ప్రయోజనం లేదని దానికి మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి.